ఆపరేషన్ అయిన కాలేజీ కుక్కను ఎక్కడ ఉంచాలి? గవర్నింగ్ బాడీలో ఏం చెప్పాలి?

మేడమ్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీ డిగ్రీ కాలేజీ ఆవరణలో ఆరేళ్లుగా ఉంటున్న మల్లి అనే ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టింది. మీరూ ఇంకో ఇద్దరు లెక్చరర్లూ డబ్బులు వేసుకుని ఆపరేషన్ చేయించారు. ఎల్లుండి డిశ్చార్జ్. మళ్లీ కాలేజీలోనే వదలాలా, మీ ఇంటికి తీసుకెళ్లాలా అన్నది తేలలేదు. ఇంకోపక్క పదిహేను రోజుల్లో గవర్నింగ్ బాడీ మీటింగ్ ఉంది. కరస్పాండెంట్ గారి వైపు వాళ్లు క్యాంపస్‌లో కుక్క అనేదే ఉండకూడదంటున్నారు. ఆయనతో పడని వర్గం మల్లి ఉండి తీరాలంటోంది. టీచర్ల తరఫున మీరు మెంబర్. ఎవరివైపు మాట్లాడినా రెండోవాళ్లకు శత్రువవుతానేమోనని మీ టెన్షన్.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మల్లిని మీ ఇంటికే తీసుకెళ్లండి. కాలేజీలో ఒక్క రాత్రి కూడా ఉంచకండి. మీటింగ్‌లో ఆమెను తిరిగి క్యాంపస్‌లో పెట్టమని వాదించకండి. మీరే దత్తత తీసుకున్నట్టు కాగితం పెట్టండి. ఇలా ఎందుకంటున్నానో కింద రాస్తాను. నేను 31 ఏళ్లు పశుసంవర్ధక శాఖలో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊరి కాలేజీలో పూర్వ విద్యార్థిగా ఆరేళ్లు కమిటీలో కూర్చున్నాను. మీరు అడిగిన రెండు సంగతులూ నా కళ్ల ముందు జరిగినవే.

ముందు కుక్క సంగతి. గర్భసంచిలో చీము అనేది మామూలు సంతాన నిరోధక ఆపరేషన్ లాంటిది కాదు. పిల్ల వయసులో, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఆ ఆపరేషన్ చేస్తే మర్నాటికే తోక ఊపుతుంది. మల్లిది అలా కాదు. ఎదకు వచ్చి వెళ్లిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో ఈ జబ్బు మొదలవుతుంది. చీములోని విషం రక్తంలోకి ఎక్కుతుంది, మూత్రపిండాల మీద దెబ్బ పడుతుంది. అందుకే వాంతులు, అతిగా నీళ్లు తాగడం, తిండి మానేయడం. మీరు రాసిన లక్షణాలన్నీ అవే. గర్భసంచి తీసేశారు కాబట్టి చీముకు మూలం పోయింది. కానీ ఒళ్లు ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి రెండు వారాలైనా పడుతుంది. ఆ రెండు వారాలు ఆమెకు నీడ, శుభ్రమైన నేల, కనిపెట్టి చూసే ఒక మనిషి కావాలి. కాలేజీలో ఈ మూడూ ఒకేచోట దొరకవు.

నా సర్వీసులో నన్ను చాలా బాధపెట్టిన కేసు ఒకటి చెబుతాను. ఒక హాస్టల్ కుక్క, ఇదే ఆపరేషన్. నాలుగు రోజులు ఆసుపత్రిలో బాగానే ఉంది. హాస్టల్ వాళ్లు మేం చూసుకుంటామని తీసుకెళ్లారు. అందరూ చూసుకుంటామన్నారు కానీ ఫలానావాడు చూడాలని ఎవరూ అనుకోలేదు. కుట్లు నాకకుండా మెడకు పెట్టే గరాటు లాంటి కోన్ అడ్డంగా ఉందని ఎవరో పిల్లవాడు జాలిపడి తీసేశాడు. అది కుట్లు నాకింది. అసలే ఆగస్టు నెల, ముసురు, ఈగలు. మూడో రోజు వాచ్‌మన్ నాకు ఫోన్ చేసేసరికి గాయంలో పురుగులు పట్టాయి. ఈగ గుడ్డు పెట్టిన రోజులోపే పురుగు బయటికొస్తుంది. మళ్లీ మత్తిచ్చి, కడిగి, కుట్లు వేశాను. బతికింది గానీ ఆ కుక్క పడిన నరకం నేను మర్చిపోలేదు. అందుకే ఒక్క రాత్రి కూడా వద్దని మొదటే రాశాను.

ఇక మీ ఇంట్లో ఏం చేయాలి.

తెచ్చిన రోజు మంచం, సోఫా ఎక్కనివ్వకండి. నేలమీద మందంగా దుప్పటి వేసి పడుకోబెట్టండి. ఫినాయిల్‌తో తుడిచిన నేలమీద మాత్రం వద్దు, ఒట్టి నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. తిండి ఒకేసారి పెట్టకండి. మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు, కొద్దికొద్దిగా నాలుగుసార్లు. ఉల్లి, వెల్లుల్లి తగలకూడదు, ఎముకలు అసలే వద్దు. క్యాంటీన్ పెరుగన్నానికి అలవాటుపడింది కాబట్టి ముద్ద పెరుగన్నం ఇచ్చినా ఫరవాలేదు. రెండు మూడు రోజులు విరేచనం కాకపోతే కంగారు వద్దు, తిన్నది తక్కువ కదా. మూత్రం మాత్రం రోజు మొత్తం పోకపోతే ఆగకుండా డాక్టరుకు చెప్పండి.

నీళ్లు కొలవండి. ఇది చాలామంది చేయరు, నేను మాత్రం ఈ జబ్బులో తప్పనిసరిగా చేయిస్తాను. పొద్దున లీటరు సీసా నింపి అందులోంచే గిన్నెలో పోస్తూ ఉండండి, రాత్రికి ఎంత తాగిందో తెలుస్తుంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మల్లి 18 కిలోలుందన్నారు కాబట్టి ఆమెకు 1,800 మిల్లీలీటర్లు హద్దు. ఆపరేషన్ తర్వాత రోజురోజుకూ ఈ లెక్క తగ్గాలి. వారం దాటినా తగ్గకపోతే మూత్రపిండాల సంగతి చూడాలి, క్రియాటినిన్ పరీక్ష మళ్లీ చేయించండి. కుట్లు విప్పించడానికి వెళ్లిన రోజే ఆ రక్తపరీక్ష కూడా అడగండి.

కుట్లను పొద్దున, సాయంత్రం చూడండి. రోజూ ఒకే వేళకు, ఒకే వెలుగులో ఫోటో తీసిపెట్టుకోండి. వాపు పెరిగిందా తగ్గిందా అన్నది జ్ఞాపకం మీద చెప్పలేం, ఫోటోలు పక్కపక్కన పెడితే తేలిపోతుంది. కుట్ల పక్కన మెత్తగా, నొప్పి లేకుండా చిన్న బుడిపె వస్తే తరచూ అది ఊరిన నీరే, దానంతటదే తగ్గుతుంది. అయినా ఫోటో డాక్టరుకు పంపండి. ఎర్రగా కందిపోయి, వేడిగా ఉండి, వాసన వస్తే మాత్రం అదే రోజు తీసుకెళ్లాలి. గాయం మీద పసుపు, కొబ్బరినూనె, బూడిద ఏదీ పూయకండి. కుట్లు విప్పేదాకా స్నానం వద్దు, అది పది నుంచి పద్నాలుగు రోజులు. మధ్యాహ్నం ఈగలు ముసిరే వేళ దోమతెర కిందికి చేర్చండి.

కోన్ తీయకండి. తినేటప్పుడు మీరు ఎదురుగా కూర్చుంటే తీయొచ్చు, తినగానే పెట్టేయాలి. ఆమె మీ కళ్లలోకి చూసి ఎంత మూలిగినా సరే.

నొప్పికి మన మాత్రలు వేయొద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మల్లికి అసలే ఆ మూత్రపిండాలే బలహీనంగా ఉన్నాయి. డాక్టరు రాసిన మందే, రాసినన్ని రోజులే, తిండి తర్వాతే. యాంటీబయాటిక్ మాత్రం నాలుగు రోజులకే హుషారుగా ఉందని ఆపేయకుండా రాసిన కోర్సు పూర్తి చేయండి.

వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు: చిగుళ్లు గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోవడం, కడుపు ఉబ్బడం, కుట్లలోంచి రక్తం చుక్కలుగా కారుతూనే ఉండటం, వరుసగా వాంతులు, ఒళ్లు 103 డిగ్రీలు దాటడం. కుక్కకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే, మన లెక్కలో జ్వరమనుకుని భయపడొద్దు. ఈరోజే చిగుళ్ల రంగు ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి.

క్యాంపస్ కుక్కను ఇంట్లో ఉంచడంలో వేరే కష్టాలున్నాయి. ఆమె ఎప్పుడూ గొలుసు ఎరగదు. ఛాతీకి, పొట్టకు చుట్టే బెల్టులు కుట్లకు ఒరుసుకుంటాయి. వెడల్పాటి మెడపట్టీ చాలు. గచ్చు మీద మూత్రం పోయదు, బిగబట్టుకుని కూర్చుంటుంది. మూడు నాలుగు గంటలకోసారి మట్టి ఉన్నచోటికి మెల్లగా నడిపించండి. మొదటి రాత్రులు ఏడుస్తుంది. ముఖ్యంగా, ఒంట్లో కాస్త ఓపిక రాగానే గేటు సందు చూసుకుని కాలేజీకి వెళ్లిపోవాలని చూస్తుంది. ఆరేళ్ల ఇల్లు అది, రెండు మూడు కిలోమీటర్లయినా దారి కనుక్కుంటుంది. ఒక నెలపాటు గేటు విషయంలో ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. ఆమె కాలేజీలో పడుకునే గోనెపట్టా ఉంటే తెప్పించి, ఎండలో వేసి, దుప్పటి పక్కన పరవండి. ఉతక్కండి, ఆ వాసనే ఆమెకు ధైర్యం.

ఇప్పుడు కమిటీ సంగతి.

మీటింగ్‌లో ఎవరో ఒకరు సుప్రీంకోర్టు ఆర్డరు ప్రింటు తెస్తారు, అది ఖాయం. కాబట్టి అందులో ఏముందో మీకు ముందే తెలియాలి. 2025 నవంబర్ 7న ఇచ్చిన ఆదేశంలో విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని వీధికుక్కలను తొలగించి, ఆపరేషన్, టీకా అయ్యాక షెల్టర్లకు పంపాలన్నారు. పట్టిన చోటే తిరిగి వదలకూడదన్నారు. కుక్కలు లోపలికి రాకుండా గోడో కంచో ఉండాలి, ఆవరణ చూసుకోవడానికి ఒక నోడల్ ఆఫీసర్ ఉండాలి, స్థానిక సంస్థ కనీసం 3 నెలలకోసారి తనిఖీ చేయాలి. అంతకుముందు 2023 నాటి ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధికుక్కకు ఆపరేషన్ చేసి, పట్టిన చోటే వదిలేవాళ్లం. మల్లి ఉండాలంటున్న వర్గం ఆ నిబంధనలు చూపిస్తుంది. కానీ కాలేజీ ఆవరణ వరకు వాళ్ల వాదన ఈ ఆదేశం ముందు నిలవడం కష్టం. మీరు ఆ వాదన పట్టుకుని ఓడిపోతే నష్టపోయేది వాళ్లు కాదు, మల్లి. తీర్మానం కాగానే మున్సిపాలిటీ బండి వస్తుంది.

అదే 2025లో ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశంలో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. జంతుప్రేమికులు కుక్కను దత్తత తీసుకుంటామని మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అలా తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే. అంటే మల్లి వీధికుక్క కాకుండా మీ పెంపుడు కుక్క అవుతుంది. దరఖాస్తు పెట్టి, పెంపుడు కుక్క లైసెన్సు తీసుకోండి. అప్పుడు మీ కాలేజీ కమిటీకి ఆమె గురించి తేల్చాల్సింది ఏమీ మిగలదు.

ఇది వెనక్కి తగ్గడమని మీకు అనిపించవచ్చు. నేనలా అనుకోను. మా కమిటీలో ఒకసారి జరిగింది చెబుతాను. సొసైటీ ఎన్నికలకు రెండు నెలల ముందు ఇలాగే ఒక కుక్క విషయం అజెండాలోకి వచ్చింది. గంటన్నర వాదించుకున్నారు. ఆ గంటన్నరలో కుక్కకు టీకా వేశారా, ఎవరినైనా కరిచిందా, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని ఒక్కరూ అడగలేదు. క్యాంటీన్ కాంట్రాక్టు, కొత్త బిల్డింగు లెక్కలు, ఎవరి బంధువుకు ఉద్యోగం ఇచ్చారు, అవన్నీ కుక్క పేరుతో బయటికొచ్చాయి. చివరికి ఓట్లు లెక్కపెట్టి కుక్కను పంపేశారు. అన్నం పెట్టిన అటెండర్‌కు మెమో ఇచ్చారు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ బాగానే ఉన్నారు. మెమో ఆయన సర్వీసు ఫైల్లో ఉండిపోయింది. ఆ రోజు నేను గట్టిగా అడ్డుపడాల్సింది, పడలేదు. ఇప్పటికీ నాకు బాధే. అందుకే మల్లిని వాళ్ల చేతుల్లోంచి ముందే తీసేయమంటున్నాను.

ఆచరణలో ఇలా చేయండి. మీటింగ్‌కు వారం ముందే ప్రిన్సిపాల్ గారికి లెటర్ ఇవ్వండి, కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. దాన్ని అజెండాలో ఒక అంశంగా పెట్టమనండి. చివర్లో "అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" కింద వస్తే అందరూ లేచే వేళకు వస్తుంది, అరుపుల్లో పోతుంది. లెటర్‌కు డిశ్చార్జ్ కాగితం, రేబిస్ టీకా సర్టిఫికెట్ (టీకా ఇంకా వేయాల్సి ఉంటే డాక్టరు తేదీ రాసిచ్చిన కాగితం), మున్సిపాలిటీ దరఖాస్తు రసీదు జతచేయండి. తీర్మానం కూడా మీరే రాసి ఇవ్వండి. రాసిచ్చిన వాక్యాన్ని మినిట్స్‌లోకి ఎక్కించడం తేలిక. నేనైతే ఇలా రాస్తాను:

"కళాశాల ఆవరణలో ఉంటూ వచ్చిన ఒక ఆడకుక్కకు శస్త్రచికిత్స జరిగినందున, దానిని అధ్యాపక సభ్యురాలు తన నివాసానికి తీసుకెళ్లి, మున్సిపాలిటీ అనుమతితో పెంపుడు జంతువుగా స్వీకరించినట్లు పాలకమండలి నమోదు చేసుకున్నది. ఈ కుక్కకు ఆహారం, సంరక్షణ అందించిన సిబ్బందిపై ఎటువంటి చర్య అవసరం లేదని తీర్మానించడమైనది."

ఆ రెండో వాక్యం వదలొద్దు. మీ వాచ్‌మన్ ఆరేళ్లు అన్నం పెట్టాడని రాశారు. రేపు ఎవరికైనా కోపం తీర్చుకోవాలనిపిస్తే దొరికేది ఆయనే.

క్యాంపస్‌లో మిగిలిన నాలుగు కుక్కల విషయం ఇందులో కలపకండి. అది వేరే అంశంగా రానివ్వండి. అప్పుడు మీరు తప్పకుండా మాట్లాడండి: మెస్, క్యాంటీన్ ఎంగిళ్లు మూతలేని తొట్లలో పోసినంతకాలం నాలుగు పోతే ఎనిమిది వస్తాయి, వెనక గోడ కూలినచోట కట్టకపోతే ఏ తీర్మానమూ పనిచేయదు. ఈ రెండు మాటలకు ఏ వర్గమూ అడ్డు చెప్పలేదు.

కుక్కలు వద్దనేవాళ్ల భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు. ఆ జబ్బుతో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలను నేను చూశాను. మీ కాలేజీలో ఎవరికైనా గీరుకున్నా, కరిచినా వెంటనే సబ్బు, ధారగా నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. ఈ మాట మీ నోట వస్తే మీరు కుక్కల పక్షమే కాదు, పిల్లల పక్షమూ ఉన్నారని వాళ్లకు తెలుస్తుంది. అది నిజం కూడా కదా.

డబ్బు లెక్క రాసిపెట్టుకోండి. విద్యార్థులు కూడా కొంత వేశారన్నారు. వెంటనే ఆసుపత్రి బిల్లులు, మందుల బిల్లులు, ఎవరెంత ఇచ్చారో ఒక కాగితం మీద రాసి ఇచ్చినవాళ్లందరికీ పంపండి. మిగిలితే తిరిగి ఇచ్చేయండి. కుక్క పేరు చెప్పి పిల్లల దగ్గర వసూలు చేశారనే మాట పుట్టడానికి ఒక్క రోజు చాలు. పిల్లలను మల్లి కోసం ధర్నాలకూ స్టేటస్‌లకూ దిగకుండా ఆపండి, అటెండెన్స్, ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉన్నాయో మీకు తెలుసు.

ఎల్లుండి ఆసుపత్రిలో ఒక పని మర్చిపోవద్దు. డిశ్చార్జ్ కాగితంలో "గర్భసంచి, రెండు అండాశయాలు తీసివేయబడినవి" అని స్పష్టంగా రాయించండి, తేదీ, డాక్టరు సంతకం, ముద్రతో. వీధికుక్కకు ఆపరేషన్ అయిందనడానికి చెవి కొస కత్తిరించిన గుర్తే ఆధారం. మల్లికి ఆ గుర్తు లేదు. ఆమె ఎప్పుడైనా గేటు దాటి బండికి దొరికితే మళ్లీ పొట్ట కోస్తారు. లోపల గర్భసంచి లేదని తెరిచాక తెలిసిన కుక్కను నేను చూశాను. రేబిస్ టీకా గడువు ఎప్పుడో కూడా అడగండి. ఇప్పుడే వేయొద్దంటారు, ఒళ్లు తేరుకున్నాక రెండు వారాలకు తేదీ రాసిస్తారు.

వెళ్లేటప్పుడు మందమైన పాత దుప్పటి ఒకటి, వాచ్‌మన్‌ను వెంట తీసుకెళ్లండి. ఆటో ఎక్కించేటప్పుడు పొట్ట కింద చేయి వేసి ఎత్తొద్దు. ఆమెను దుప్పటి మీద పడుకోబెట్టి, ఇద్దరూ చెరో రెండు కొసలు పట్టుకుని ఒకేసారి లేపండి. తల వైపు ఆయన్ను పట్టుకోమనండి. మల్లికి ఆయన మొహం తెలుసు.